ఆండ్రియాస్ గ్రుంట్జిగ్

ఆండ్రియాస్ రోలాండ్ గ్రుంట్జిగ్ (జూన్ 25, 1939 – అక్టోబర్ 27, 1985) జర్మనీ దేశంలో జన్మించిన వైద్యుడు, హృద్రోగ నిపుణుడు. ఇరుకైన రక్తనాళాన్ని శస్త్రచికిత్స చేయకుండా, లోపలి నుండి చిన్న బెలూనుతో వెడల్పు చేసే బెలూను యాంజియోప్లాస్టీ పద్ధతిని రూపొందించిన వ్యక్తిగా ప్రపంచ ప్రసిద్ధి పొందాడు. 1977 సెప్టెంబరు 16న స్విట్జర్లాండులోని జూరిచ్ నగరంలో, మెలకువగా ఉన్న రోగి గుండె ధమనిలో ఇతడు చేసిన చికిత్స ఆ తరహాలో ప్రపంచంలోనే మొదటిది. ఇదే పద్ధతిని మూత్రపిండాల ధమనులకు, మెదడుకు రక్తాన్ని తీసుకుపోయే కంఠ ధమనులకు కూడా వర్తింపజేశారు.

బెలూను కాథెటర్ నిర్మాణంతో పాటు ఫలితాల నమోదు కూడా గ్రుంట్జిగ్ కృషిలో ముఖ్యమైన భాగం. తన చికిత్స ఎంతమందికి ఫలించినదీ, ఎంతమందికి విఫలమైనదీ, ఎవరికి హాని కలిగించినదీ అతడు మొదటి రోగి నుండే లెక్కగట్టి ప్రకటించాడు. కంఠ ధమనుల యాంజియోప్లాస్టీ వంటి ప్రమాదకరమైన చికిత్సలను తరువాతి కాలంలో అంచనా వేయటానికి ఇటువంటి లెక్కలే ఆధారమయ్యాయి.

బాల్యం, కుటుంబం

గ్రుంట్జిగ్ జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో జన్మించాడు. తండ్రి విల్మార్ గ్రుంట్జిగ్ విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడు. తల్లి కూడా ఉపాధ్యాయురాలే. ఇతడికి యోహానెస్ అనే అన్న ఉన్నాడు. ఇతడు పుట్టిన కొద్ది నెలలకే రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. యుద్ధకాలంలో తండ్రి జర్మన్ వైమానిక దళంలో వాతావరణ శాస్త్రజ్ఞుడుగా పనిచేశాడు. యుద్ధం ముగిసినా అతడు ఇంటికి తిరిగి రాలేదు. తల్లే ఇద్దరు కొడుకులను పెంచి పెద్దచేసింది.

ఆ కాలంలో కుటుంబం సాక్సనీ ప్రాంతంలోని రోఖ్లిట్స్ అనే చిన్న పట్టణంలో తలదాచుకుంది. 1950లో వారు దక్షిణ అమెరికాలోని అర్జెంటీనాకు వలస వెళ్ళినా అక్కడ ఎక్కువ కాలం నిలవలేక తిరిగి జర్మనీ చేరుకున్నారు. అప్పటికి సాక్సనీ తూర్పు జర్మనీలో భాగమైంది. గ్రుంట్జిగ్ లైప్జిగ్ నగరంలోని ప్రాచీనమైన థామస్ పాఠశాలలో చదివి, 1957లో ఉన్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు.

విద్యాభ్యాసం

పాఠశాల చదువు ముగిసిన తరువాత గ్రుంట్జిగ్ తూర్పు జర్మనీని విడిచి పశ్చిమ జర్మనీకి చేరాడు. అప్పటికింకా బెర్లిన్ గోడ కట్టలేదు. అక్కడ హైడల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్రం చదివి 1964లో పట్టభద్రుడయ్యాడు. తరువాత పలు ఆసుపత్రులలో శిక్షణ పొందాడు.

వైద్య వృత్తి తొలినాళ్ళలో ఇతడు వ్యాధివ్యాప్తి శాస్త్రం వైపు ఆకర్షితుడయ్యాడు. హైడల్‌బర్గ్‌లో సామాజిక వైద్యానికి సంబంధించిన సంస్థలో పనిచేశాడు. ఆ శాస్త్రాన్ని మరింతగా అభ్యసించటానికి కొంతకాలం లండన్ వెళ్ళాడు. ఏ రోగం ఎందరికి వస్తుంది, ఏ చికిత్సతో ఎందరు బాగుపడతారు అనే ప్రశ్నలకు అంకెలలో సమాధానం వెదకటం ఈ శాస్త్రం పని. గ్రుంట్జిగ్ తరువాత ప్రకటించిన వ్యాసాలలో ఈ శిక్షణ ప్రభావం కనిపిస్తుంది.

ఆ తరువాత ఇతడు జర్మనీలోని డార్మ్‌స్టాట్ పట్టణంలో రక్తనాళ వ్యాధుల వైద్యశాలలో చేరాడు. 1969లో స్విట్జర్లాండుకు వెళ్ళి జూరిచ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి రక్తనాళ విభాగంలో ప్రవేశించాడు.

పూర్వరంగం

గ్రుంట్జిగ్ కృషిని అర్థం చేసుకోవటానికి అంతకు ముందు జరిగిన పరిశోధనలను తెలుసుకోవటం అవసరం. 1929లో జర్మన్ వైద్యుడు వెర్నర్ ఫోర్స్‌మన్ సన్నని గొట్టాన్ని తన చేతి సిర గుండా తన గుండెలోనికే పంపుకొని, గుండెలోనికి కాథెటర్‌ను చొప్పించటం సాధ్యమేనని నిరూపించాడు. 1958లో అమెరికాలో మేసన్ సోన్స్ గుండె ధమనులలోనికి నేరుగా రంగుమందు పంపి ఎక్స్-రే చిత్రాలు తీసే పద్ధతిని కనుగొన్నాడు. 1967లో రెనే ఫావలోరో కాలి సిర ముక్కతో బైపాస్ శస్త్రచికిత్సను ప్రవేశపెట్టాడు. అయితే బైపాస్ కోసం ఛాతీని తెరవవలసి వచ్చేది.

శస్త్రచికిత్స లేకుండా ధమనిని తెరవవచ్చునని మొదట చూపినవాడు అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రానికి చెందిన చార్లెస్ డాటర్. 1964 జనవరి 16న, కాలు కుళ్ళిపోతున్నా తొలగించటానికి ఒప్పుకోని 82 ఏళ్ళ వృద్ధురాలికి అతడు చికిత్స చేశాడు. ఒకదానికంటే ఒకటి లావైన గొట్టాలను ఇరుకైన ధమని గుండా వరుసగా పంపి దారిని వెడల్పు చేశాడు. ఆమె కాలు నిలిచింది. అమెరికాలో చాలామంది వైద్యులు ఈ పద్ధతిని పట్టించుకోకపోయినా, జర్మనీలో ఎబర్‌హార్ట్ జైట్లర్ వంటి కొందరు దీనిని ఆచరించారు. గ్రుంట్జిగ్ ఈ విద్యను జైట్లర్ వద్ద నేర్చుకొని జూరిచ్‌లో ప్రవేశపెట్టాడు.

డాటర్ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. ధమనిని ఎంత వెడల్పు చేయాలో అంత లావు గొట్టాన్ని చర్మం గుండా చొప్పించవలసి వస్తుంది. అందువలన చొప్పించిన చోట గాయం పెద్దదవుతుంది. గొట్టం ముందుకు దూసుకుపోయేటప్పుడు ధమని గోడపై ఉన్న పూడిక రాలి రక్తంతో పాటు కొట్టుకుపోయే అవకాశం కూడా ఉంది. సన్నగా లోపలికి వెళ్ళి, ఇరుకైన చోటికి చేరిన తరువాతనే ఉబ్బే సాధనం ఉంటే ఈ చిక్కులు తగ్గుతాయని గ్రుంట్జిగ్ భావించాడు.

వంటగదిలో ప్రయోగాలు

బెలూను ఆలోచన అంతకు ముందు కూడా ఉన్నదే. అయితే రబ్బరు బెలూను ధమనిలో ఉబ్బినపుడు గట్టి పూడిక ఉన్న చోట వ్యాకోచించక, మెత్తగా ఉన్న వైపుకు పొంగిపోతుంది. ఎంత గాలి లేక ద్రవం నింపినా నిర్ణీత వ్యాసాన్ని మించకుండా, స్తంభం ఆకారంలో గట్టిగా నిలిచే బెలూను కావాలి. దీనిని తయారుచేయటానికి గ్రుంట్జిగ్ పగలు ఆసుపత్రిలో పనిచేసి, రాత్రివేళ తన ఇంటి వంటగది బల్ల మీద ప్రయోగాలు చేసేవాడు. భార్య మిఖాయెలా, ఆసుపత్రిలో సహాయకురాలు మరియా ష్లుంఫ్, ఆమె భర్త వాల్టర్ ష్లుంఫ్ ఈ పనిలో తోడ్పడ్డారు. సన్నని ప్లాస్టిక్ గొట్టాలు, దారం, జిగురు, కత్తి వీరి పనిముట్లు.

తగిన పదార్థం కోసం వెదుకుతున్న సమయంలో జూరిచ్‌లోని సమాఖ్య సాంకేతిక సంస్థలో రసాయనశాస్త్ర ఆచార్యుడుగా పనిచేసి విరమించిన హైన్రిఖ్ హోప్ఫ్ సలహా లభించింది. అతడు పాలీవినైల్ క్లోరైడ్ అనే ప్లాస్టిక్‌ను సూచించాడు. ఆ ప్లాస్టిక్ గొట్టంలో కొంతభాగాన్ని వేడిచేసి, ఒత్తిడితో ఉబ్బించి, కోరిన ఆకారంలో బెలూనుగా మలచటంలో గ్రుంట్జిగ్ సఫలుడయ్యాడు.

1974 ఫిబ్రవరి 12న ఈ బెలూనును మొదటిసారిగా మనిషిపై ఉపయోగించాడు. రోగి తొడ ధమని ఇరుకై నడవలేకపోతున్న 67 ఏళ్ళ వ్యక్తి. బెలూను ఉబ్బించిన తరువాత కాలికి రక్తప్రసరణ మెరుగుపడింది. తరువాత గ్రుంట్జిగ్ కాథెటర్‌లో రెండు మార్గాలను ఏర్పరచాడు. ఒకదాని గుండా బెలూనును నింపవచ్చు, రెండవదాని గుండా ధమనిలోని పీడనాన్ని కొలవవచ్చు, రంగుమందును కూడా పంపవచ్చు. ఇరుకుకు ముందు, వెనుక ఉన్న పీడనాల తేడాను కొలిస్తే చికిత్స ఫలించినదో లేదో వెంటనే అంకెలలో తెలుస్తుంది.

కాలి ధమని నుండి గుండె ధమనికి

కాలి ధమనిలో పొరపాటు జరిగితే కాలికి ముప్పు, గుండె ధమనిలో జరిగితే ప్రాణానికే ముప్పు. అందువలన గ్రుంట్జిగ్ అంచెలంచెలుగా ముందుకు సాగాడు. బెలూనును గుండె ధమనులకు తగినంత చిన్నదిగా చేసి 1975లో కుక్కల గుండె ధమనులపై ప్రయోగించాడు. ఆ ఫలితాలను 1976 నవంబరులో అమెరికాలోని మయామీ బీచ్‌లో జరిగిన అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సమావేశంలో గోడపత్రం రూపంలో ప్రదర్శించాడు. అక్కడికి వచ్చినవారిలో చాలామందికి ఇది సాధ్యమవుతుందనే నమ్మకం కలగలేదు. శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన రిచర్డ్ మైలర్ మాత్రం ఆసక్తి చూపాడు.

1977 మే నెలలో శాన్ ఫ్రాన్సిస్కోలో మైలర్‌తోను, శస్త్రవైద్యుడు ఇలియాస్ హన్నాతోను కలిసి, బైపాస్ శస్త్రచికిత్స కోసం ఛాతీ తెరచిన రోగుల గుండె ధమనులలో బెలూనును ఉపయోగించి చూశాడు. బెలూను ఉబ్బినపుడు పూడిక ముక్కలు రాలి ముందుకు కొట్టుకుపోతాయా అనేది ఇక్కడ పరీక్షించిన ముఖ్యమైన ప్రశ్న. చెప్పుకోదగిన ముక్కలేవీ కనబడకపోవటంతో తదుపరి అడుగుకు దారి ఏర్పడింది.

1977 సెప్టెంబరు 16

మొదటి రోగి 38 ఏళ్ళ బీమా ఉద్యోగి. అప్పటికి గ్రుంట్జిగ్ వయస్సు కూడా 38 సంవత్సరాలే. రోగి గుండె ముందుభాగానికి రక్తం అందించే ఎడమ ధమని శాఖలో ఒకే ఒక్క చిన్న ఇరుకు ఉంది. కొద్ది కాలంగా అతడికి ఛాతీనొప్పి వస్తున్నది. ఈ చికిత్స ఇంతకు ముందు ఎవరికీ చేయలేదని గ్రుంట్జిగ్ అతడికి తెలియజేశాడు. అంతా విని రోగి సమ్మతించాడు. ప్రసిద్ధ శస్త్రవైద్యుడు ఓకె సెన్నింగ్ ఈ ప్రయత్నానికి మద్దతు ఇచ్చాడు. ధమని మూసుకుపోతే వెంటనే బైపాస్ చేయటానికి శస్త్రచికిత్స బృందం సిద్ధంగా నిలిచింది.

గజ్జ భాగంలో స్థానిక మత్తు ఇచ్చి, ధమని గుండా కాథెటర్‌ను గుండె వరకు పంపారు. బెలూనును రెండు సార్లు ఉబ్బించారు. ఇరుకుకు అవతల రక్తపీడనం పెరిగింది, ధమని తెరచుకుంది. రోగి ఆద్యంతం మెలకువగానే ఉన్నాడు. శస్త్రచికిత్స అవసరం కలగలేదు. పది సంవత్సరాల తరువాత పరీక్షించినపుడు కూడా అదే ధమని తెరచుకునే ఉన్నది.

అదే సంవత్సరం నవంబరులో గ్రుంట్జిగ్ మళ్ళీ మయామీ బీచ్ సమావేశానికి వెళ్ళి మొదటి నలుగురు రోగుల వివరాలు ప్రకటించాడు. ముందటి ఏడాది అనుమానంతో చూసిన వైద్యలోకం ఈసారి కరతాళ ధ్వనులతో స్వాగతించింది. 1978 ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రికలో అతడి చిన్న లేఖ ప్రచురితమైంది.

మొదటి 50 మంది రోగులు

1979 జూలైలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో గ్రుంట్జిగ్, అతడి సహచరులు ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో మూలగ్రంథం వంటిది. అందులో 18 నెలల కాలంలో చికిత్స పొందిన మొదటి 50 మంది ఫలితాలు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి:

* 50 మందిలో 32 మందికి చికిత్స సఫలమైంది. మిగిలిన 18 మందికి సఫలం కాలేదు.
* సఫలమైన వారిలో ధమని ఇరుకు సగటున 84 శాతం నుండి 34 శాతానికి తగ్గింది.
* ఇరుకుకు ఇరువైపులా ఉన్న పీడనాల తేడా సగటున 58 నుండి 19 మిల్లీమీటర్లకు తగ్గింది.
* పరిస్థితి హఠాత్తుగా విషమించి 5 మందికి అత్యవసరంగా బైపాస్ శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. వారిలో ముగ్గురికి గుండెపోటు లక్షణాలు కనిపించాయి.

ప్రతి మూడు ప్రయత్నాలలో ఒకటి విఫలమైనట్లు ఈ అంకెలు తెలుపుతున్నాయి. గ్రుంట్జిగ్ వాటిని దాచలేదు. బైపాస్ అవసరమైన రోగులలో కేవలం 10 నుండి 15 శాతం మందికి మాత్రమే ఈ చికిత్స తగినదని అంచనా వేశాడు. ఒకే ధమనిలో ఇరుకు ఉండి, నొప్పి మొదలై కొద్ది కాలమే అయినవారు దీనికి అనుకూలురని సూచించాడు. శస్త్రచికిత్సతోను, మందులతోను పోల్చి చూసే యాదృచ్ఛిక అధ్యయనం జరిగితే తప్ప దీని విలువ తేలదని అదే వ్యాసంలో రాశాడు.

1979లోనే అమెరికా జాతీయ హృదయ, శ్వాసకోశ, రక్త సంస్థ ఆధ్వర్యంలో ఈ చికిత్స వివరాల నమోదు పట్టిక ఆరంభమైంది. కొద్ది సంవత్సరాలలోనే అనేక ఆసుపత్రుల నుండి మూడు వేలకు పైగా రోగుల వివరాలు అందులో చేరాయి. వెడల్పు చేసిన ధమని కొన్ని నెలలలో తిరిగి ఇరుకు కావటం ఈ చికిత్సకు ప్రధానమైన లోపమని దాని ద్వారా స్పష్టమైంది. సుమారు మూడింట ఒక వంతు రోగులలో ఇలా జరిగింది. బెలూను పూడికను మంచును అదిమినట్లు అదుముతుందని తొలినాళ్ళలో భావించారు. నిజానికి పూడిక పగిలి, ధమని గోడ సాగటం వలన దారి వెడల్పవుతుందని తరువాత తెలిసింది. ఆ గాయం మానే క్రమంలో ధమని మళ్ళీ ఇరుకవుతుంది.

బోధన

కొత్త చికిత్సను శిక్షణ లేనివారు చేపడితే రోగులకు ప్రమాదం, పద్ధతికి చెడ్డపేరు. ఈ కారణంగా గ్రుంట్జిగ్ శిక్షణకు ఎంతో ప్రాధాన్యం ఇచ్చాడు. 1978 ఆగస్టులో జూరిచ్‌లో మొదటి ప్రత్యక్ష ప్రదర్శన తరగతి నిర్వహించాడు. చికిత్సగదిలో అతడు చేస్తున్న పనిని వివిధ దేశాల వైద్యులు మరొక గదిలో టెలివిజన్ తెరపై చూశారు. చికిత్స విఫలమైతే ఆ వైఫల్యం కూడా అందరి కళ్ళ ముందే జరిగేది. ప్రత్యక్ష ప్రదర్శన ద్వారా బోధించే ఈ సంప్రదాయం తరువాత ప్రపంచమంతటా వ్యాపించింది.

అట్లాంటాలో

జూరిచ్‌లో ఇతడికి లభించిన పడకలు, చికిత్సగది సమయం పరిమితంగా ఉండేవి. 1980లో గ్రుంట్జిగ్ అమెరికాలోని జార్జియా రాష్ట్రం అట్లాంటా నగరానికి వెళ్ళి ఎమరీ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా చేరాడు. స్పెన్సర్ కింగ్, జాన్ డగ్లస్ అక్కడ ఇతడి సహచరులు. ఎమరీలో ఇతడు నిర్వహించిన తరగతులకు వందలాది వైద్యులు హాజరయ్యేవారు.

జూరిచ్‌లో చికిత్స పొందిన 169 మంది రోగులను అతడి బృందం సంవత్సరాల తరబడి పరిశీలిస్తూ వచ్చింది. గ్రుంట్జిగ్ మరణానంతరం 1993లో వారి పది సంవత్సరాల ఫలితాలు వెలువడ్డాయి. బైపాస్‌తో పోల్చే అధ్యయనం జరగాలన్న అతడి కోరిక కూడా మరణానంతరమే నెరవేరింది. 1987లో ఎమరీలో ఆరంభమైన ఆ అధ్యయనంలో 392 మంది పాల్గొన్నారు. 1994లో ప్రకటించిన ఫలితాల ప్రకారం మూడు సంవత్సరాల తరువాత మరణం, గుండెపోటు వంటి ప్రధాన ప్రమాదాలలో రెండు చికిత్సల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. అయితే బెలూను చికిత్స పొందినవారికి మళ్ళీ చికిత్స చేయవలసిన అవసరం ఎక్కువగా కలిగింది.

మరణం

గ్రుంట్జిగ్‌కు విమానాలు నడపటం ఇష్టమైన వ్యాపకం. 1985 అక్టోబర్ 27న జార్జియా సముద్రతీరం నుండి అట్లాంటాకు తన చిన్న విమానంలో తిరిగి వస్తుండగా, ప్రతికూల వాతావరణంలో ఫోర్సైత్ అనే పట్టణం సమీపంలో విమానం కూలిపోయింది. విమానం నడుపుతున్న గ్రుంట్జిగ్, వెంట ఉన్న అతడి రెండవ భార్య మార్గరెట్ ఆన్ ఇద్దరూ మరణించారు. అప్పటికి అతడి వయస్సు 46 సంవత్సరాలు. మొదటి వివాహం ద్వారా ఇతడికి ఒక కుమార్తె ఉంది. ధమనుల చిత్రణకు, చికిత్సకు ఆద్యులైన చార్లెస్ డాటర్, మెల్విన్ జడ్కిన్స్, మేసన్ సోన్స్ కూడా అదే 1985వ సంవత్సరంలో మరణించారు.

కంఠ ధమనులలో బెలూను చికిత్స

కెరోటిడ్ ధమనులని వ్యవహరించే కంఠ ధమనులు మెడకు ఇరువైపులా ఉండి మెదడుకు రక్తాన్ని తీసుకుపోతాయి. ఇవి మెడ మధ్యలో రెండేసి శాఖలుగా చీలుతాయి. ఆ చీలిక వద్ద కొవ్వు పూడిక పేరుకుంటుంది. దాని నుండి రాలిన ముక్కలు లేక దానిపై ఏర్పడిన రక్తపు గడ్డలు మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. 1950ల నుండి దీనికి మెడను కోసి పూడికను తొలగించే శస్త్రచికిత్స వాడుకలో ఉంది. ఒకసారి పక్షవాతం లక్షణాలు కనిపించి, ధమని 70 శాతం లేక అంతకంటే ఎక్కువ ఇరుకైన రోగులలో ఈ శస్త్రచికిత్స మేలు చేస్తుందని 1991లో ఉత్తర అమెరికా అధ్యయనం నిరూపించింది. మందులు మాత్రమే వాడినవారిలో 26 శాతం మందికి రెండేళ్ళలో ఆ వైపు పక్షవాతం రాగా, శస్త్రచికిత్స జరిగినవారిలో అది 9 శాతం.

గ్రుంట్జిగ్ పద్ధతిని కంఠ ధమనులకు వర్తింపజేసినవారు ఇతరులు. జర్మనీలో క్లాస్ మతియాస్, అమెరికాలో చార్లెస్ కెర్బర్ 1980 ప్రాంతంలో దీనిని ఆరంభించారు. అయితే గుండెకూ కంఠానికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. గుండె ధమని మూసుకుపోతే బైపాస్ చేయటానికి శస్త్రవైద్యులు సిద్ధంగా ఉండవచ్చు. కంఠ ధమనిలో రాలిన ముక్క మెదడులో చిక్కుకుంటే, నివారించదలచిన పక్షవాతం చికిత్స వలననే వస్తుంది. అది జరిగిన తరువాత చేయగలిగినది తక్కువ. అందువలన ఈ చికిత్స చాలాకాలం నెమ్మదిగా సాగింది.

ఈ చికిత్సలో ముఖ్యమైన ప్రమాదాలు:

* పూడిక ముక్కలు మెదడుకు చేరి పక్షవాతం రావటం. ఇది చికిత్స సమయంలోను, తరువాతి కొద్ది రోజులలోను జరగవచ్చు.
* ధమని చీలిక వద్ద ఉన్న పీడన గ్రాహకాలపై బెలూను ఒత్తిడి వలన గుండె వేగం, రక్తపోటు హఠాత్తుగా పడిపోవటం.
* చాలాకాలంగా తక్కువ రక్తానికి అలవాటుపడిన మెదడు భాగానికి ఒక్కసారిగా ఎక్కువ రక్తం చేరి తలనొప్పి, మూర్ఛలు, అరుదుగా మెదడులో రక్తస్రావం కలగటం.
* కాథెటర్ చొప్పించిన చోట రక్తస్రావం.
* ధమని తిరిగి ఇరుకు కావటం.

ప్రమాదాన్ని తగ్గించటానికి 1980ల చివరి నుండి ఫ్రాన్సుకు చెందిన జాక్ థెరాన్ వంటివారు రక్షణ సాధనాలను ప్రవేశపెట్టారు. ఇవి రాలిన ముక్కలను మెదడుకు చేరకుండా ఆపుతాయి. తరువాత గొడుగు ఆకారపు జల్లెడలు, ధమనిని తెరచి ఉంచే లోహపు స్టెంట్లు వాడుకలోకి వచ్చాయి.

ఈ చికిత్స ఫలితాలు అధ్యయనానికి అధ్యయనానికి మారుతూ వచ్చాయి. 1998లో ఇంగ్లండులో ప్రకటించిన ఒక చిన్న అధ్యయనంలో చికిత్స పొందిన 7 మందిలో 5 మందికి పక్షవాతం రావటంతో దానిని మధ్యలోనే ఆపివేశారు. 2001లో ప్రకటించిన, 504 మంది పాల్గొన్న అంతర్జాతీయ అధ్యయనంలో నెల రోజులలో మరణం లేక వారానికి మించి నిలిచిన పక్షవాతం బెలూను చికిత్సలో 10.0 శాతం, శస్త్రచికిత్సలో 9.9 శాతం. శస్త్రచికిత్స పొందినవారిలో 8.7 శాతం మందికి మెడలోని నరాలు దెబ్బతినగా, బెలూను చికిత్స పొందినవారిలో ఎవరికీ అలా జరగలేదు. 2006లో వెలువడిన ఫ్రెంచి అధ్యయనంలో మాత్రం నెల రోజులలో పక్షవాతం లేక మరణం స్టెంటు వేసినవారిలో 9.6 శాతం, శస్త్రచికిత్స జరిగినవారిలో 3.9 శాతం. ఈ కారణంగా దానిని ముందుగానే నిలిపివేశారు.

2010లో అమెరికా, కెనడా దేశాలలోని 2,502 మందిపై జరిగిన అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. పక్షవాతం, గుండెపోటు, మరణం అన్నిటినీ కలిపి చూస్తే నాలుగు సంవత్సరాలలో స్టెంటు బృందంలో 7.2 శాతం, శస్త్రచికిత్స బృందంలో 6.8 శాతం మందికి హాని జరిగింది. అంటే మొత్తం మీద రెండూ సమానమే. కాని హాని స్వభావంలో తేడా ఉంది. చికిత్స సమయంలో పక్షవాతం స్టెంటు వలన 4.1 శాతం, శస్త్రచికిత్స వలన 2.3 శాతం. గుండెపోటు స్టెంటు వలన 1.1 శాతం, శస్త్రచికిత్స వలన 2.3 శాతం. సుమారు 70 ఏళ్ళు దాటినవారిలో శస్త్రచికిత్స, అంతకంటే చిన్నవారిలో స్టెంటు కొంత మెరుగని కూడా తేలింది.

పక్షవాతం లక్షణాలు లేనివారి విషయం వేరు. 2021లో ప్రకటించిన, 3,625 మంది పాల్గొన్న అధ్యయనంలో చికిత్స సమయంలో జరిగినవాటిని మినహాయిస్తే, ఐదు సంవత్సరాలలో తీవ్రమైన పక్షవాతం రెండు చికిత్సలలోను 2.5 శాతమే. అయితే రక్తపోటు, కొలెస్టరాలు తగ్గించే మందులు మెరుగుపడిన కాలంలో ఇటువంటివారికి అసలు ఏ చికిత్స అయినా అవసరమా అనే ప్రశ్న వచ్చింది. 2025లో వెలువడిన మరొక అధ్యయనంలో మందులు మాత్రమే వాడినవారిలో నాలుగు సంవత్సరాలలో 6.0 శాతం మందికి, మందులతో పాటు స్టెంటు కూడా వేసినవారిలో 2.8 శాతం మందికి పక్షవాతం లేక చికిత్సకు సంబంధించిన మరణం సంభవించింది. ఆ అధ్యయనంలో స్టెంటు వేసిన వైద్యులను, రోగులను జాగ్రత్తగా ఎంపిక చేశారు. అనుభవం తక్కువగా ఉన్న చోట ఇవే ఫలితాలు వస్తాయని అనుకోవటానికి వీలులేదు.

ప్రభావం

గ్రుంట్జిగ్ మరణించిన మరుసటి సంవత్సరం, 1986లో, ఫ్రాన్సులోని టులూజ్ నగరంలో జాక్ ప్యూయెల్, స్విట్జర్లాండులోని లోసాన్ నగరంలో ఉల్రిక్ సిగ్వార్ట్ మొదటిసారిగా మనిషి గుండె ధమనులలో స్టెంట్లు అమర్చారు. బెలూను తెరచిన దారిని స్టెంటు నిలబెట్టటంతో అత్యవసర బైపాస్ అవసరం ఎంతో తగ్గింది. తరువాత మందు పూసిన స్టెంట్లు వచ్చి తిరిగి ఇరుకయ్యే లోపాన్ని తగ్గించాయి. ప్రపంచంలో ప్రతి సంవత్సరం లక్షలాది రోగులు ఈ చికిత్స పొందుతున్నారు. ఎమరీ విశ్వవిద్యాలయంలోని హృద్రోగ చికిత్సా కేంద్రానికి ఇతడి పేరు పెట్టారు.

గుండె ధమనుల విషయంలో 50 మందిలో 18 మందికి ఫలించలేదన్న లెక్కతో ఆరంభమైన చికిత్స, లోపాలను ఒక్కొక్కటిగా సరిదిద్దుకుంటూ సురక్షితమైంది. కంఠ ధమనుల విషయంలో అదే పద్ధతి కొందరికి మేలు, మరికొందరికి హాని చేస్తుందని తేలింది. వయస్సు, లక్షణాలు, ధమని ఆకృతి, వైద్యుడి అనుభవం చూసి నిర్ణయించవలసిన చికిత్సగా అది మిగిలింది. తన పద్ధతిని శస్త్రచికిత్సతోను, మందులతోను పోల్చి చూడాలని 1979లో గ్రుంట్జిగ్ కోరిన పరీక్షనే కంఠ ధమనుల చికిత్స కూడా ఎదుర్కొంది.